తొంభై మీద ముల్లు

ఆరుకు పది నిమిషాలుండగా ప్రానస్ నిద్ర లేస్తాడు. అలారం పెట్టుకోడు. చెప్పులు ఈడ్చుకుంటూ మెట్లు దిగి, ఇంటి కిందే ఉన్న తన మెకానిక్ షెడ్డులోకి వెళ్లి లైటు వేస్తాడు. పక్కింటి పిల్లులు రెండు అప్పటికే కారు బానెట్ మీద పడుకుని ఉంటాయి. వాటిని పక్కకు జరిపి అరచెయ్యి ఆనిస్తాడు. వెచ్చగా తగులుతుంది. ఆ తర్వాతే కాఫీ సంగతి చూసుకుంటాడు.

ఆ కారు ఎవరూ స్టార్టు చెయ్యకుండానే వేడెక్కుతుంది. పది సిలిండర్ల ఇంజిన్, ఐదు వందల హార్స్‌పవర్, వెనకాల మంచం పట్టేంత డిక్కీ. మొదట దాన్ని జర్మనీలో హన్నెలోరె అనే పశువైద్యురాలు పదకొండేళ్లు నడిపింది. ఏ పల్లెలో ఏ ఆవు ఈనలేక అవస్థ పడుతున్నా తెల్లారేసరికి అక్కడుండాలి గనక ఆరుకు పది నిమిషాలుండగా బయల్దేరేది, పొద్దుగూకాక ఇల్లు చేరేది. ఆవిడ పని మానేసింది. కారు చేతులు మారి మూడేళ్ల కిందట మా ఊరొచ్చి ప్రానస్ షెడ్డు చేరింది. ఇంజిన్ మాత్రం డ్యూటీ మానలేదు. రోజూ అదే వేళకు ఆయిల్ వేడిని చూపించే ముల్లు తనంతట తానే లేచి తొంభై మీద నిలబడుతుంది, చీకటి పడ్డాక మెల్లగా దిగుతుంది. దీని గురించి మా వీధిలో ఎవరూ ప్రత్యేకంగా మాట్లాడుకోరు. చలికాలంలో రొట్టె పిండి పొంగకపోతే గిన్నె తెచ్చి బానెట్ మీద పెట్టి వెళతారు, అంతే.

చిక్కు కారు అమ్మాలనుకున్నప్పుడు వచ్చింది. మాది లిథువేనియాలో పాత కార్ల మీద బతికే ఊరు. ఆదివారం సంతకి పోలాండు నుంచి, లాత్వియా నుంచి కూడా వచ్చి కొనుక్కుపోతారు. ఇక్కడ పుట్టినవాళ్లకు మాటలు రాకముందే తెలిసే సంగతి ఒకటుంది. కారు చూడబోతే ముందు బానెట్ మీద చెయ్యి పెట్టాలి. చల్లగా ఉంటేనే బేరం. అరిగిపోయిన ఇంజిన్ చలిలో స్టార్టు చేసినప్పుడే నిజం కక్కుతుంది. కొట్టుకోవలసినవి టకటకా కొట్టుకుంటాయి, రావలసిన పొగ వస్తుంది. వేడెక్కాక అన్నీ సర్దుకుని పెద్దమనిషిలా నటిస్తుంది. అందుకే మోసగాడు కొనేవాళ్లు రావడానికి అరగంట ముందే ఇంజిన్ తిప్పి ఉంచుతాడు. బానెట్ వెచ్చగా తగిలిందంటే ఇంక ఏమీ అడగక్కర్లేదు, ఇంటిదారి పట్టడమే.

ప్రానస్ కారు చూడొచ్చిన వాళ్లందరూ ఇంటిదారే పట్టారు.

అక్టోబరులో కౌనస్ నగరం నుంచి ఒక జంట వచ్చింది. భర్తకి కారు చూడగానే కళ్లు మెరిశాయి. భార్య చేతిలో టార్చిలైటు ఉంది. ప్రానస్ సర్వీసు పుస్తకం తెరిచి వాళ్ల ముందు పెట్టాడు. పదకొండేళ్లలో ఒక్క ముద్ర తప్పలేదు. తర్వాత చాక్లెట్ డబ్బా తెరిచాడు. దాంట్లో దూది మధ్య పాత బేరింగులు ఉన్నాయి.

"ఈ జాతి ఇంజిన్లకు రోగమంతా ఇక్కడేనండీ. కనెక్టింగ్ రాడ్ల బేరింగులు. చూస్తూ ఊరుకుంటే లక్షన్నర కిలోమీటర్లకు ఇంజిన్ మొత్తం పోతుంది. లక్షా ముప్ఫై వేలకే విప్పి మార్చేశాను. ఆయిల్ ఆర్నెల్లకోసారి, నడిపినా నడపకపోయినా."

ఆమె అంతా విన్నది. విని, చేతి తొడుగు తీసి, బానెట్ మీద చెయ్యి పెట్టి, భర్త వైపు చూసింది.

"వేడిగా ఉంది."

"అది దానంతటదే వేడెక్కుతుందండీ. ఆరుకు పది నిమిషాల నుంచి."

"వేడెక్కే ఉంటుంది, కాదనను. మా మామగారి ట్రాక్టరూ అంతే," అందామె. "కానీ అమ్మేవాళ్లందరూ అదే మాట చెబుతారు. ఏది తనంతట వేడెక్కిందో, ఏది మీరు వేడెక్కించారో మేమెలా తెలుసుకునేది?"

"పోనీ చీకటి పడ్డాక రండి. అప్పటికి చల్లబడుతుంది."

"చీకట్లో కారు కొన్నానని తెలిస్తే మా అమ్మ నన్ను ఇంట్లోకి రానివ్వదు," అన్నాడు భర్త దిగులుగా. ఇద్దరూ వెళ్లిపోయారు.

డిసెంబరులో మరో పెద్దాయన వస్తానన్నాడు. ప్రానస్ ఆ పొద్దున్న బకెట్లతో మంచు మోసి బానెట్ మీద అడుగు మందాన పోశాడు. పెద్దాయన వచ్చేసరికి అది కరిగి నాలుగు వైపులా ధారలు కడుతోంది, పైనుంచి ఆవిరి లేస్తోంది. "ఏంటయ్యా ఇది, అమ్ముతున్నావా, ఉడకబెడుతున్నావా?" అన్నాడాయన. సంతలో ఆ ముక్క వారం రోజులు తిరిగింది.

ఈ కారు అమ్ముడుపోవడం మీద ఎల్వీరా బతుకు ఆధారపడి ఉంది. ఆమె ప్రానస్ భార్య. పాల డెయిరీ ల్యాబ్‌లో ముప్ఫై ఏళ్లు పరీక్షలు చేసి రిటైరైంది. పుట్టింది సముద్రం ఒడ్డున, ష్వెంతొయిలో. పెళ్లయిన కొత్తలో ప్రానస్, "ఐదేళ్లు ఇక్కడ పనిచేసుకుని మీ ఊరు వెళ్లిపోదాం" అన్నాడు. ఆ ఐదేళ్లు ముప్ఫై ఒకటయ్యాయి. ప్రతిసారీ ఏదో ఒక ఇంజిన్ విప్పి బల్ల మీద ఉండేది, "ఈ ఒక్కటి అవనీ" అనేవాడు. ఆమెకు సముద్రం అంటే బెంగ. కలలో అలల చప్పుడు విని లేచి, అది ఎదురింటి పాత ఫ్రిజ్ అని తెలిసి ఏడ్చిన రోజులున్నాయి.

ఆ సెప్టెంబరులో ఆమె అక్క ల్యూదా ఫోన్ చేసింది. ష్వెంతొయిలో తన ఇంట్లో సగభాగం ఖాళీ అయింది, వచ్చి ఉండమంది. "మార్చి మొదటి సోమవారం దాకా ఆగుతాను. ఆలోపు రాకపోతే వేరేవాళ్లకు ఇచ్చేస్తాను. మీ ఆయన మాట నమ్మి ఇప్పటికి మూడుసార్లు ఖాళీగా ఉంచానే," అంది.

ప్రానస్ కాదనలేదు. షెడ్డు మూసేస్తానన్నాడు. ఈ ఒక్క కారు మంచి చేతుల్లో పెట్టి బయల్దేరదామన్నాడు.

"దాన్నీ తీసుకుపోదాం," అంది ఎల్వీరా.

"అక్కడ షెడ్డేదీ? ఇంత ఇంజిన్ని ఉప్పుగాలిలో ఆరుబయట పెడతామా?"

ఇవన్నీ సాకులని నాకు తెలుసు, ఎల్వీరాకు ఇంకా బాగా తెలుసు. ప్రానస్‌కు మాత్రం తెలియదు. ఆయన నిజంగానే నమ్మి చెప్పేవాడు, అదే ఆయనతో వచ్చిన బాధ.

ఇంజిన్ అలవాటు మాన్పించే ఉపాయం మా ఊళ్లో అందరికీ తెలుసు. కౌనస్ జంట వెళ్లిపోయాక పక్కింటి రపొలస్ దాన్ని నోరు విప్పి చెప్పాడు. "ఒరే ప్రానస్, ఒక్క ఏడాది దాని ముఖం చూడకు. ఆయిల్ మార్చకు, ఫిల్టరు మార్చకు, పలకరించకు. ఏ ఇంజినైనా పాత అలవాట్లన్నీ మరిచిపోతుంది. బానెట్ చల్లగా ఉంటుంది, ఆదివారం సంతలో గంటలో పోతుంది."

"ఏడాది అలా వదిలేస్తే లోపల జిగురు పేరుకుంటుంది కదరా."

"అది కొనుక్కున్నవాడి గొడవ."

ప్రానస్ రెండు రోజులు అన్నం సయించనట్టు తిరిగాడు. బాగా చూసుకున్న ఇంజిన్ అమ్ముడుపోదు, పాడుచేస్తే పోతుంది. ముప్ఫై ఏళ్ల పనితనానికి ఇదా దక్కింది అనుకున్నాడు. అయినా ఎల్వీరా ముఖం చూసి ఒప్పుకున్నాడు. ఏడాది లేకపోయినా మార్చి దాకా ఐదు నెలల గడువుంది, ఆ మాత్రానికే సగం అలవాటైనా పోతుందేమో చూద్దామనుకున్నారు. నవంబరులో మార్చవలసిన ఆయిల్ మార్చనని ఆమె చేతిలో చెయ్యేసి చెప్పాడు. కారు చూడ్డానికి ఎవరైనా వస్తే తప్ప పొద్దున్నే కిందికి దిగడం కూడా మానేశాడు. ముల్లు మాత్రం రోజూ లేస్తూనే ఉంది.

ఫిబ్రవరి ఆఖరివారంలో ఎల్వీరా బట్టలు సర్దుతూ తన నైలాన్ మేజోళ్లు లెక్కకు తక్కువున్నట్టు గమనించింది. షెడ్డులోకి వెళ్లి, బల్ల కింద, గుడ్డపీలికల బుట్ట అడుగున వెతికింది. మేజోడు దొరికింది. నల్లగా, జిడ్డుగా ఉంది. ప్రానస్ తీసేసిన పాత ఆయిల్‌ని ఎప్పుడూ అలాంటి మేజోట్లోనే వడగట్టేవాడు. మేజోట్లో రాగి రంగు మెరుపు కనిపిస్తే బేరింగులు అరుగుతున్నట్టు, ఏమీ లేకపోతే ఇంజిన్ క్షేమంగా ఉన్నట్టు.

ఆమె దాన్ని రెండు వేళ్లతో పట్టుకుని పైకి తెచ్చి, ఆయన తాగుతున్న బీట్‌రూట్ సూపు పక్కన పెట్టింది.

"ఎప్పుడు?"

ప్రానస్ చెంచా కింద పెట్టాడు. "జనవరిలో. నువ్వు పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లిన రోజు."

"ఏమైనా మెరిసిందా?"

"లేదు. శుభ్రంగా ఉంది," అన్నాడు, ఒక్క క్షణం సంతోషం ఆపుకోలేక. తర్వాత తల దించుకున్నాడు. "చూడలేకపోయాను ఎల్వీరా. రోజూ పొద్దున్నే లేచి పనికి సిద్ధమయ్యేదాన్ని ఎలా మాడ్చను?"

"నేనూ ముప్ఫై ఒక్క ఏళ్లుగా రోజూ సిద్ధమవుతూనే ఉన్నానయ్యా. నన్ను మాడ్చడానికి నీకేం అడ్డురాలేదు."

ఆయన మేజోడు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"ఏ కారులో ఎక్కడికి బయల్దేరినా కూర్చోబెట్టి, ఆగు, ఆయిల్ ఇంకా వేడెక్కలేదు అన్నావు. ఆ ముల్లు లేచేదాకా చూస్తూ కూర్చున్నాను. చర్చికి ఆలస్యం, మా అక్క పెళ్లికి ఆలస్యం, మా నాన్నని ఆఖరిసారి చూడ్డానికి కూడా పావుగంట ఆలస్యంగా వెళ్లాను. నేనింక ఆగలేను. సోమవారం పొద్దున ఆరున్నర బస్సుకి వెళుతున్నాను. నువ్వు రావద్దులే. నీకు పనుంది."

అరవలేదు, ఏడవలేదు. ప్రానస్‌కు దానికే భయం వేసింది.

మార్చి మొదటి సోమవారం వచ్చింది. ముందు రాత్రి చలి సున్నా కింద ఇరవై నాలుగు దాకా పోయింది, ఆ నెలలో అంత చలి మేమెప్పుడూ చూడలేదు. ఎల్వీరా రెండు పెట్టెలు తీసుకుని, గదిలో గోడవైపు తిరిగి పడుకున్న భర్తని లేపకుండా మెట్లు దిగి షెడ్డులోకి వచ్చింది. ఆయన నిద్రపోవడం లేదని ఆమెకు తెలుసు. బస్టాండు దాకా దింపుతానన్న రపొలస్ బయట తన కారుతో కుస్తీ పడుతున్నాడు. అతని కారులో డీజిలు నెయ్యిలా పేరుకుపోయింది. వీధిలో అందరివీ అంతే, ఎక్కడ విన్నా తాళం తిప్పిన చప్పుడు, ఆ వెంటనే నిశ్శబ్దం.

"వదినా, లాభం లేదు," అన్నాడు రపొలస్ షెడ్డు తలుపులోంచి. "టాక్సీకి ఫోన్ చేస్తే వాడిదీ కదలట్లేదట. బస్సు కూడా వస్తుందో రాదో."

ఎల్వీరా పెట్టెలు కింద పెట్టింది. ఆమెకు ఏడుపొచ్చింది, చలికి అది కూడా కళ్లలోనే ఆగిపోయింది. కాస్త వెచ్చగా ఉంటుందని కారు తలుపు తీసి కూర్చుంది. ఆ సీట్లో, స్టీరింగ్ ముందు, ఆమె ఎప్పుడూ కూర్చోలేదు. చిన్న కార్లు నడిపింది గాని దీన్ని ముట్టుకోలేదు. తాళం దానికే ఉంది.

ముల్లు తొంభై మీద ఉంది.

ఆమె దాన్ని చాలాసేపు చూసింది. ముప్ఫై ఒక్క ఏళ్లలో ఒక ముల్లు తన కంటే ముందే లేచి తన కోసం కూర్చోవడం ఇదే మొదటిసారి అనిపించింది. ఎక్కడో ఎవరికో ఆపద వస్తే క్షణం ఆలస్యం కాకూడదని అలా తయారై ఉండటం నేర్చుకున్న ఇంజిన్ అది. ఇవాళ ఆపద తనది. దిగి పెట్టెలు రెండూ డిక్కీలో పడేసింది, మళ్లీ ఎక్కి తాళం తిప్పింది.

ఆ చప్పుడుకి ప్రానస్ పైనుంచి పైజామాలోనే పరిగెత్తుకొచ్చాడు. మెట్ల మీద నిలబడ్డాడు. చెయ్యి పైకి లేచింది, నోరు తెరుచుకుంది. ఆగు అనడం ఆయనకు ఎంత అలవాటంటే ఆ మాట సగం బయటికొచ్చింది కూడా. వంగి అద్దంలోంచి ముల్లు వైపు చూశాడు. మిగతా సగం నోట్లోనే ఉండిపోయింది. ఆపడానికి ఆయన దగ్గర ఏ కారణమూ లేదు.

ఎల్వీరా అద్దం దించింది. "ఎక్కుతావా?"

"పైజామాలోనా?"

"నేను ఆగను ప్రానస్."

ఆయన షెడ్డంతా ఒకసారి చూశాడు. బల్ల మీద ఎవరిదో సిలిండర్ హెడ్డు ఉంది, వాల్వులు వరసగా పేర్చి ఉన్నాయి. గోడకున్న తన పాత కోటు తీసుకుని పైజామా మీద వేసుకున్నాడు. కారు చుట్టూ తిరిగొచ్చి పక్క సీట్లో కూర్చున్నాడు. ఆ సీట్లో ఆయనా ఎప్పుడూ కూర్చోలేదు.

"రపొలస్, షట్టరు వేసెయ్," అన్నాడు.

"ఎప్పుడొస్తావురా?"

"తాళం నీ దగ్గరే ఉంచు. ఆ హెడ్డు మాత్రం దుమ్ము పడకుండా కప్పు."

రోడ్డంతా తెల్లగా ఉంది. కౌనస్ దాకా ఎల్వీరా రెండు చేతులతో స్టీరింగ్ పట్టుకుని, ఎనభై దాటకుండా, పూజారిలా నిష్ఠగా నడిపింది. కౌనస్ దాటి సముద్రం వైపు వెళ్లే పెద్ద రోడ్డు ఎక్కారు. అక్కడ ఉప్పు చల్లి మంచు తీసేశారు, నేల పొడిగా ఉంది. తెల్లారింది. ప్రానస్ చెవి ఇంజిన్ మీదే ఉంది. మూడేళ్లుగా తను దాన్ని మూడు వేల ఆర్పీఎం దాటనివ్వలేదు. రొట్టె కొనడానికి బజారుకి తీసుకెళ్లి, మెల్లగా తెచ్చి, తుడిచి పెట్టేవాడు.

"భయపడుతున్నావా?" అంది ఎల్వీరా.

"నేను దీన్ని తప్పుగా చూసుకున్నాను," అన్నాడాయన.

"అదేంటి, అంత చేసి?"

"శుభ్రంగా ఉంచాను, సమయానికి ఆయిల్ పోశాను. పరిగెత్తనివ్వలేదు. ఇలాంటి ఇంజిన్ వేడెక్కాక పరిగెత్తకపోతే లోపల మసి పట్టి మూలుగుతుంది. ఇది అందరికీ చెబుతాను. నేనే చెయ్యలేదు." ముల్లు వైపే చూస్తూ, "నిన్నూ అంతే కదా," అన్నాడు.

ముందు రోడ్డు ఖాళీగా, తిన్నగా ఉంది.

"రెండో గేరుకి దించు," అన్నాడు ప్రానస్. "ఎనిమిది వేల దాకా పోనీ. నేనేమీ అనను. ఇప్పుడు తొక్కు ఎల్వీరా."

ఆమె తొక్కింది. పది సిలిండర్లూ ఒక్కసారిగా గొంతెత్తాయి. వెనక్కి చూస్తే కొన్ని క్షణాలు నల్లటి పొగ, ఆ తర్వాత ఏమీ లేదు, గాలి అంత శుభ్రం. ఎల్వీరా నవ్వింది. డెయిరీలో పనిచేసే రోజుల్లో, పెళ్లికి ముందు, ప్రానస్ విన్న నవ్వు అది. దాన్ని ఎప్పటినుంచి వినడం లేదో ఆయనకు గుర్తు రాలేదు, సిగ్గుపడ్డాడు.

పదిన్నరకు ష్వెంతొయి చేరారు. ల్యూదా గేటు దగ్గరే నిలబడి ఉంది. చెల్లెల్ని కావలించుకుని, మరిది పైజామా వైపు చూసి, "మొత్తానికి వచ్చాడు, బట్టలేసుకోవడం మరిచిపోయాడు గాని," అంది. పొగబెట్టిన చేప, ఉడికించిన బంగాళాదుంపలు వడ్డించింది. ప్రానస్ రెండుసార్లు పెట్టించుకుని తిన్నాడు.

మధ్యాహ్నానికి ఇంజిన్ చల్లబడింది, అన్ని ఇంజిన్లలాగే. మర్నాడు ఆరుకు పది నిమిషాలుండగా ప్రానస్ వెళ్లి చూస్తే బానెట్ మంచుగడ్డలా ఉంది. మూడో రోజూ అంతే. ఏదో పాడైందని ఆయనకు కంగారు. ఆయిల్ చూశాడు, బ్యాటరీ చూశాడు, కారు కిందకు దూరి చూశాడు. అన్నీ బాగున్నాయి. ఇక ఆ వేళకు చెయ్యడానికి పనేమీ లేక, తిరిగొచ్చి ఎల్వీరా పక్కన పడుకుని ఎనిమిదింటిదాకా నిద్రపోయాడు. ఈ సంగతి ఫోన్లో చెబితే రపొలస్ నమ్మలేదు. "చల్లగా ఉందంటే ఇంకేం, సంతకి తీసుకొచ్చెయ్, ఈ ఆదివారమే పోతుంది," అన్నాడు. ప్రానస్ వాతావరణం గురించి మాట్లాడి ఫోన్ పెట్టేశాడు.

గురువారం ఎల్వీరా, సముద్రం పక్కనుంచి పలాంగా పట్టణం దాకా వెళ్లి తెరలకు గుడ్డ కొనుక్కొద్దామంది. టీ తాగింది, అక్కతో కాసేపు మాట్లాడింది, చేతిసంచీ ఎక్కడ పెట్టిందో మరిచిపోయి ఇల్లంతా వెతికింది. తొమ్మిదిన్నరకు బయటికొచ్చేసరికి సన్నటి మంచు కురుస్తోంది. కారు మీద, గేటు మీద, గోడ మీద అంతా తెల్లగా ఉంది, ఒక్క బానెట్ మీద తప్ప. ఇంజిన్ ఎవరూ స్టార్టు చెయ్యకపోయినా అక్కడ పడ్డది పడ్డట్టు కరిగిపోతోంది. ప్రానస్ పక్కన నిలబడి, అరచెయ్యి దాని మీద ఆనించి, ఆమెనే చూస్తున్నాడు.

"ఎంతసేపైంది ఇది వేడెక్కి?" అంది ఎల్వీరా.

"నువ్వు చేతిసంచీ కోసం వెతకడం మొదలుపెట్టినప్పటి నుంచి," అన్నాడాయన, ఆమెకు తలుపు తెరిచి పట్టుకుంటూ.